కడుపులో అద్దెవాళ్ళు

మా లైన్లో పెరుగు తోడుకీ, మిగిలిపోయిన మాత్రలకీ మొహమాటం ఉండేది కాదు. తోడు చెడిపోయినవాళ్ళు చిన్న గ్లాసు పట్టుకుని పక్క గుమ్మంలో నిలబడితే చాలు, ఎందుకొచ్చావని ఎవరూ అడగరు. మాత్రలూ అంతే. రైల్వే డిస్పెన్సరీలో ఇచ్చిన కాప్సూళ్ళు సగం మింగేసరికి జ్వరం దిగిపోతుంది. మిగతా సగం కాగితంలో చుట్టి దాచుకుంటాం. ఊరికే వచ్చిన మందు పారబోస్తే పాపం కదా. ఎదురింటి పిల్లకి చెవిపోటు వస్తే ఆ పొట్లం గుమ్మం దాటి వెళ్తుంది. వెళ్ళేముందు దాని మీద చెయ్యి పెట్టి చిన్న ప్రార్థన. కలకత్తా పక్కన సంత్రాగాఛి రైల్వే యార్డులో పనిచేసే ఆంధ్రా క్రైస్తవుల క్వార్టర్ల లైను మాది. విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్ళ పిల్లలం. ప్రార్థన లేకుండా మజ్జిగ కూడా తాగం.

ఆ పొట్లాలన్నిటికీ జంక్షను మా ఇల్లు. మా ఆవిడ దగ్గర ఒక రేకు బిస్కెట్ల డబ్బా ఉండేది. అందులో ఎర్రా నలుపూ కాప్సూళ్ళు గొంతుకి, పసుప్పచ్చ బిళ్ళలు కడుపుకి, పొడుగాటి తెల్లవి ఏ సంగతీ తేలని జ్వరాలకి. ఆమె పదో తరగతి పాసైంది. మందు రేకుల మీది ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదవగలదు. లైన్లో ఆడవాళ్ళకి అదే పెద్ద డాక్టరు చదువు. నా చదువు ఏడో తరగతిలో ఆగింది. లెక్కల మాస్టారు ఒకరోజు బయటికి పొమ్మన్నాడు. నేను పెద్దల మాట జవదాటే రకం కాదు, మళ్ళీ లోపలికి వెళ్ళలేదు. మా నాన్న పోయాక ఆయన ఖలాసీ ఉద్యోగం నాకిచ్చారు. చేతికి గ్రీజు, నోటికి వెటకారం, రెండూ ఎంత తోమినా వదల్లేదు.

ఆమె నాకు మేనమామ కూతురు. నా నోటి సంగతి చిన్నప్పటి నుంచీ తెలిసి కూడా చేసుకుంది. కట్నం కింద నవ్వు తెచ్చుకుందని మా అమ్మ అనేది. నిజమే, ఆమె నవ్వితే లైను చివరి పంపు దగ్గర బిందెలు తోముకుంటున్నవాళ్ళు తలెత్తి చూసేవాళ్ళు. పిల్లలు కలగలేదు. ఆ లోటు కూడా ఇద్దరం కలిసి ఎగతాళి చేసి చేసి, చివరికి దాన్ని ఇంట్లో పెంపుడు పిల్లిలా చేసేశాం. ఒక మూల పడుకుని ఉండేది, కరిచేది కాదు.

కలకత్తాలో కడుపు ఒక దగ్గరి బంధువు. మనిషి కలిస్తే ముందు దాని క్షేమం అడగాలి. యార్డులో నా పై మిస్త్రీదాదా బెంగాలీ ఆయన. పొద్దున్న మట్టి ముంతలో టీ చేతిలోకి రాగానే నిన్న ఏం తిన్నాడో, అది లోపల ఏ స్టేషన్లో ఆగిపోయిందో చెప్పేవాడు. ఊరేగింపు వల్ల బస్సు ఆగినా, కరెంటు పోయినా, బంగాళదుంప ధర పెరిగినా, అన్నిటి ఫలితం ఆయన కడుపులో తేలేది. వాళ్ళు పులితేన్పుల రోగాన్ని అంబల్ అంటారు. మేం అంబలి తాగి డ్యూటీకి వెళ్తాం. మీ రోగం మాకు టిఫిను అని నేను ఏడిపించేవాణ్ణి. కడుపు మీద అన్ని జోకులు వేసినవాణ్ణి ఆ యార్డులో నేనే అనుకుంటాను.

ఒక ఏడాది తొలివానల్లో ఆమెకి దవడ వాచింది. జ్ఞానదంతం అడ్డంగా మొలిచిందని హౌరాలో ఒక పళ్ళ డాక్టరు పీకేశాడు. పదేళ్ళు బడికి వెళ్తే లోపల చేరిన జ్ఞానం ఇప్పటికి బయటపడిందన్నాను. వాచిన దవడ చేత్తో పట్టుకుని మరీ నవ్వింది. ఆయన గట్టి కాప్సూళ్ళు రాశాడు. అవి అయిపోయేసరికి వాపు సగమే తగ్గింది. మిగతా సగానికి ఆమె తన డబ్బా తెరిచింది.

వాపు పోయింది. కడుపు మొదలైంది.

వానాకాలం బేదులే అనుకున్నాం. ఆ కాలంలో మా లైన్లో ఎవరో ఒకరు చెంబు పట్టుకుని పరుగెత్తుతూనే ఉంటారు. కానీ ఇది ఆగలేదు. పొద్దున్న లేచింది మొదలు నీళ్ళలా పోవడం, కడుపు మెలితిప్పడం, కాసేపు పడుకోవడం, మళ్ళీ లేవడం. నేను డ్యూటీకి వెళ్ళేలోపు పంపు కింద బాల్టీలన్నీ నింపి దొడ్డి గుమ్మం దగ్గర వరసగా పెట్టేవాణ్ణి. వచ్చేసరికి అన్నీ ఖాళీ. ఏమైందని అడిగితే ఏదో ఒక తిండి మీద పెట్టేది.

"ఏటీ నేదు బావా, నిన్నటి సేప పడనేదు."

చేప మానేసింది. తర్వాత వంకాయ పడలేదంది. తర్వాత పాలు. అలా ఒక్కొక్కటీ పళ్ళెంలోంచి దిగిపోయాయి. పసుప్పచ్చ బిళ్ళలు వేసుకుంటే కాస్త తగ్గేది. తగ్గగానే ఆపేసేది, మిగిలినవి రేపు ఎవరికైనా పనికొస్తాయని. వారం తిరక్కుండా మళ్ళీ వచ్చేది, ఈసారి ఇంకొంచెం ఎక్కువగా.

అప్పుడు లైను కదిలింది. మాకు ఎదురింట్లో ఒక శ్రీకాకుళం అప్ప ఉండేది, మా ఆవిడకంటే పెద్దది, ఆమెను సొంత చెల్లెల్లా చూసేది. మొదట ఆమె తెచ్చింది పొట్లం. వాళ్ళాయనకి సైటు మీద బేదులైతే ఇవే కట్టేశాయట. మా ఆవిడ అరచేతిలో పెట్టి, పైన తన చెయ్యి మూసి, కళ్ళు మూసుకుని ప్రార్థన చేసింది. తర్వాత వరసగా అందరూ వచ్చారు. ఇన్నాళ్ళూ ఈ ఇంటి నుంచి వెళ్ళిన పొట్లాలన్నీ వడ్డీతో తిరిగొచ్చినట్టయింది. ఆకుపచ్చవి, నీలంవి, నాలుక మీద పెడితే ఇనుము రుచి వచ్చేవి. ఎవరి మాట కాదంటే ఎవరు నొచ్చుకుంటారో అని ఆమె అన్నీ మింగింది. అంత ప్రేమ ఒక్క మనిషి కడుపులో పడటం నేను మళ్ళీ చూడలేదు.

దుర్గా పూజల రోజులకి ఆమె ఉంగరానికి దారం చుట్టాల్సొచ్చింది, వేలి మీద నిలవక. పూజ పందిళ్ళలో ఢాకు డోళ్ళ చప్పుడు కిటికీలోంచి వస్తోంది. నేను పక్కన కూర్చుని ఏదో అన్నాను. ఏమన్నానో ఎంత తలుచుకున్నా గుర్తు రాదు, మంచి జోకే అయ్యుండాలి. ఆమె పాత రోజుల్లోలా గట్టిగా నవ్వింది. సగం నవ్వులో మొహం మారిపోయింది. లేచి పరుగెత్తబోయింది, గుమ్మం దాకా కూడా వెళ్ళలేకపోయింది. నేల మా అమ్మ కడిగింది. చీర మార్చుకుని వచ్చి మంచం అంచున కూర్చుని, నా వైపు చూడకుండా అంది.

"బావా, ఇంక నన్ను నవ్వించకు. నీకు దండం పెడతాను."

ఆ తర్వాత ఇంట్లో నా పని పోయింది. బాల్టీలు మోయడం ఎవరైనా చేస్తారు. నాలుక చివరిదాకా వచ్చిన మాటను మింగి కూర్చోవడం నాకు అలవాటు లేదు. డ్యూటీ దిగి గుమ్మంలో అడుగు పెట్టేముందు మొహాన్ని సవరించుకునేవాణ్ణి, చావు ఇంటికి వెళ్ళేవాడిలా.

మిస్త్రీదాదాయే నన్ను పట్టుకుని అడిగాడు. విని, ఉత్తర కలకత్తాలో తన కడుపు చూసే ముసలి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. నేనూ ఆమె, మధ్యలో ఆ డబ్బా. ఏమేం మందులు వాడావని అడుగుతారు కదా, ఒక్కటీ మర్చిపోకూడదని ఆమె డబ్బానే వెంట తెచ్చుకుంది. ఆయన మూత తీసి చూశాడు. ఒక రేకు బయటికి తీశాడు, ఇంకోటి తీశాడు. పెన్సిల్‌తో కాప్సూళ్ళు అటూ ఇటూ కదిపాడు. మూత పెట్టేసి, కళ్ళజోడు తీసి, నాకు అర్థమయ్యే తేలిక బెంగాలీలో చెప్పాడు. మనిషి కడుపు ఒక పెద్ద పాత ఇల్లట. అందులో కోట్ల కోట్ల జీవాలు అద్దెకుంటాయట, మనం పుట్టినప్పటి నుంచీ. కళ్ళకు కనపడవు. చాలా మటుకు మంచివాళ్ళు. తిన్నది అరిగిస్తారు, గోడలు చూసుకుంటారు, కొత్త రౌడీ ఎవడైనా వస్తే గుమ్మంలోనే నిలేస్తారు. ఈ కాప్సూళ్ళు రోగాన్ని చంపుతాయి, దాంతోపాటు వీళ్ళనీ చంపుతాయి. పన్ను కోసం వేసిన మందు సగం ఇల్లు ఖాళీ చేయించింది. మిగతా సగాన్ని ఈ డబ్బా ఖాళీ చేయించింది. ఖాళీ ఇల్లు చూసి ఇప్పుడు రౌడీ మూక దిగింది.

కలకత్తాలో పాత అద్దెవాణ్ణి లేపడం ఎవరివల్లా కాదు, కోర్టులో తాతల నాటి కేసులు మనవలు నడుపుతుంటారు. అలాంటి ఊళ్ళో మా ఇంట్లోవాళ్ళే ఇంత సులువుగా ఖాళీ చేశారా అన్నాను. పార్టీ ఆఫీసులో చెబితే రౌడీలు ఖాళీ చేస్తారా అని కూడా అడిగాను. డాక్టరు నవ్వాడు. మిస్త్రీదాదా నవ్వాడు. ఆమె పెదవులు బిగబట్టి గోడకున్న కేలండరు చూస్తూ కూర్చుంది.

ఆయన ఒక్క మందు రాశాడు, ఆ మూకను అణచడానికి. అది అయ్యాక ఇంకేదీ, తలనొప్పి బిళ్ళ కూడా, తనను అడక్కుండా వేసుకోవద్దన్నాడు. డబ్బా పారెయ్యమన్నాడు. తిరిగొచ్చే బస్సులో ఆమె దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఇంటికి రాగానే మూత తుడిచి ఎదురింటి అప్పకి ఇచ్చేసింది. పారేస్తే పాపమని. నేనూ ఆపలేదు. లైను వైద్యం ఒక గుమ్మం అవతలికి జరిగింది, అంతే.

మందు పనిచేసింది. చలి మొదలయ్యేసరికి కడుపు నిలిచింది. ముద్దన్నం, తర్వాత కాస్త పప్పుకట్టు. అప్పుడు మా అమ్మ తన తరవాణి కుండ మళ్ళీ పెట్టింది. గంజీ, బియ్యం కడిగిన నీళ్ళూ రోజూ అందులో పోసి పులియబెడుతుంది. ఎప్పుడూ పూర్తిగా వంపెయ్యదు, అడుగున మిగిలింది రేపటికి పులుపు. మా ఆవిడకి ఆ వాసన పడేది కాదు, అందులో పురుగులుంటాయత్తా అని పాఠంలో చదివింది చెప్పేది. ఇప్పుడు రోజూ పొద్దున్నే గ్లాసు పట్టుకుని అత్త పక్కన కూర్చునేది. డాక్టర్ని అడిగితే తాగనివ్వమన్నాడు. ఎక్కువ ఆశ మాత్రం పెట్టుకోవద్దన్నాడు. ఆ కుండలోవాళ్ళు దారిన పోతూ పలకరించే రకమట. మంచివాళ్ళే గానీ కడుపులో కాపురం పెట్టరు. పోయినవాళ్ళు తిరిగి రావాలంటే నెలలు పడుతుంది, కొందరు రానే రారు. ఈలోగా ఇంకో గట్టి మందు పడకూడదు.

మా ఆశంతా ఆ చివరి మాట మీద నిలబడింది. ఏ మందూ పడకుండా రోజులు గడవాలి. ఆమె తుమ్మితే నేను ఉలిక్కిపడేవాణ్ణి. వేలికి చాకు గీరుకుంటే మా అమ్మ పసుపు అద్ది, గాయం మానేదాకా ప్రార్థన చేసేది. రోజుకి కాస్త చొప్పున మొహంలోకి రంగు వచ్చింది. క్రిస్మస్‌కి కొత్త చీర కట్టి చర్చిలో పాటల గుంపులో నిలబడింది. నేను ఆడవాళ్ళ వైపు చూడకూడదు, చూశాను. మధ్యాహ్నం విందులో అన్నం తిని, కడుపు మీద చెయ్యి పెట్టుకుని, నావైపు తిరిగి తల ఊపింది. బానే ఉంది అని. ఆ తల ఊపుకి నేను ఇంకో జన్మ బాకీ ఉన్నాననుకున్నాను. మా మతంలో ఇంకో జన్మ లేదన్న సంగతి మర్చిపోయి.

జనవరిలో మంచు, బొగ్గుల కుంపట్ల పొగ కలిసి యార్డులో సిగ్నలు కనపడని రోజులు. ఆమెకి దగ్గు పట్టుకుంది. కషాయాలు కాచాం, వీపుకి కర్పూరం నూనె రాశాం, ఎవర్నీ గుమ్మంలోకి రానివ్వలేదు. దగ్గు ఛాతీలోకి దిగింది. ఊపిరి తీస్తే పక్కటెముకల దగ్గర పొడిచినట్టు ఉందంది. పెదవులు నీలంగా కనపడేసరికి ఆసుపత్రికి తీసుకెళ్ళాం. ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరింది, సూది మందు వెంటనే మొదలెట్టాలి అన్నారు. నేను కడుపు సంగతి చెప్పాను. అక్కడి డాక్టరమ్మ విసుక్కోలేదు, అంతా వింది. ముసలి డాక్టరుకి ఫోను కూడా చేసింది. ఆయనా ఇవ్వక తప్పదన్నాడట. ఇవ్వకపోతే రెండు రోజులు, ఇస్తే తర్వాత చూద్దాం. తప్పు ఎవరిదో వెతుక్కుందామంటే అక్కడ ఒక్కరూ దొరకలేదు.

వాళ్ళిచ్చిన కాగితం మీద సంతకం పెట్టలేక నిలబడ్డాను. ఆమె మంచం మీంచి చెయ్యి చాపి నా చొక్కా పట్టుకుంది.

"ఊపిరాడితే గదా బావా, కడుపు సంగతి. ఇయ్యమను."

ఇచ్చారు. ఛాతీ బాగైంది. ఎక్స్‌రే చూపించి డాక్టరమ్మ సంతోషపడింది, నేనూ సంతోషపడ్డట్టు మొహం పెట్టాను. ఇంటికొచ్చిన వారానికి మళ్ళీ బాల్టీలు నింపడం మొదలుపెట్టాను. పోయినసారి పనిచేసిన మందు ఈసారి పనిచెయ్యలేదు. ముసలి డాక్టరు దానికంటే ఖరీదైనది ఒకటి తెప్పించాడు, అదీ కొద్ది రోజులే ఆపింది. ఆమెను బస్సులో తీసుకెళ్ళే పరిస్థితి లేదు, నేనొక్కణ్ణే వెళ్ళాను. ఇంకేం చెయ్యాలని అడిగాను. ఆయన బల్ల మీది పేపర్ వెయిట్ ఒకసారి తిప్పాడు.

"చంపడం నేర్పారు నాకు," అన్నాడు. "నాటడం ఎవరూ నేర్పలేదు."

తర్వాత, చెప్పాలా వద్దా అన్నట్టు, ఒక మాట చెప్పాడు. దూరదేశాల్లో ఎక్కడో కొందరు డాక్టర్లు ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ మలం తీసి, కడిగి, రోగి పేగులోకి ఎక్కించి చూశారని విన్నాడట. అద్దెవాళ్ళని ఇంటితో సహా ఎత్తుకొచ్చినట్టు. నాది తీసుకోండి అన్నాను. ఇన్నేళ్ళూ ఒకే కుండలో అన్నం తిన్నాం, నా లోపల ఉన్నవాళ్ళకి ఆమె వంట అలవాటే అన్నాను. ఆయన పకపకా నవ్వి నా భుజం తట్టాడు. ఇక్కడ అలాంటివి చేసేవాళ్ళు లేరు, తనకు ఆ ధైర్యమూ లేదు, ఆమె శరీరం తట్టుకోదు కూడా అన్నాడు. జీవితంలో నేను హాస్యానికి కాకుండా అన్న మాట అదొక్కటే. దానికీ నవ్వాడు.

ఇంటికి వెళ్ళేసరికి ఆమె మేలుకునే ఉంది. డాక్టరు ఏమన్నాడని అడిగింది. అబద్ధం చెబుదామని చాలా అనుకున్నాను, ఒక్కటీ కుదర్లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను, నాది ఇస్తానన్న సంగతితో సహా. మొదట అర్థం కాలేదు. ఏటి నీది అంది. మళ్ళీ చెప్పాను. కళ్ళు పెద్దవి చేసి చూసింది.

"పెళ్ళైనకాడ్నుంచి నీ ఎగతాళి మింగినాను. ఇదొక్కటే తక్కువైనాది నా బతుక్కి."

అని నవ్వడం మొదలుపెట్టింది. గొంతులో శబ్దం లేదు, ఒళ్ళంతా ఊగుతోంది. నేను ఆపమంటున్నాను, ఆమె ఆపలేకపోతోంది. జరగాల్సింది జరిగింది. దుప్పటి మార్చాను, ఒళ్ళు తుడిచాను. ఈసారి నవ్వించకని దండం పెట్టలేదు. చెంపల మీద ఇంకా తడి ఉంది. అది నవ్వుదో మరోటో నేను అడగలేదు.

ఎదురింటి అప్ప ఒకరోజు గుమ్మంలో నిలబడింది, పిడికిట్లో ఏదో పట్టుకుని. నేను అడ్డంగా నిలబడ్డాను. అప్పా, డాక్టరు వద్దన్నాడు అన్నాను. ఆమె మొహం చిన్నబోయింది. ఉపవాసం ఉండి తెచ్చానంది. లోపల్నుంచి మా ఆవిడ రానియ్యమంది. అప్ప మంచం పక్కన మోకరించి, ఆమె చేతిలో కాప్సూలు పెట్టి, చెయ్యి మూసి, ఏడుస్తూ ప్రార్థన చేసింది. మా ఆవిడ ఆమేన్ అంది, నీళ్ళు తర్వాత తాగుతానంది. అప్ప వెళ్ళాక పిడికిలి విప్పి నాకిచ్చింది. యార్డులో పారెయ్యమంది, అప్పకి చెప్పొద్దంది. కాప్సూలు బరువు కూడా కనిపించేంతగా సన్నబడింది ఆ చెయ్యి.

ఈస్టరుకి ముందు వారంలో పోయింది. పొద్దున పంపు వచ్చే వేళ. మా అమ్మ తరవాణి గ్లాసుతో వచ్చి, గ్లాసు కింద పెట్టి, మేనకోడలి కళ్ళు మూసింది.

సమాధుల దొడ్డిలో ఎండ మొదలైపోయింది. పాస్టరుగారు దేహం మంటికి, ఆత్మ దేవునికి అన్నారు. ఆ మధ్యలోవాళ్ళ సంగతి ఎవరూ ఎత్తలేదు. రౌడీ మూక కూడా ఆ పెట్టెలోనే ఉంది కదా, వాళ్ళకిక ఇల్లు లేదు కదా అని ఆలోచిస్తూ పిడికెడు మట్టి వేశాను. మిస్త్రీదాదా నా మోచెయ్యి పట్టుకుని నిలబడ్డాడు. పాట సగంలో నా కడుపులోంచి శబ్దం వచ్చింది. ఆయనకీ వినపడింది. ఆకలి.

ఇంటికి వచ్చేదాకా అది పెరుగుతూనే ఉంది. నా లోపల ఉన్నవాళ్ళకి ఎవరూ కబురు పంపలేదు. వాళ్ళ లెక్కన అది మామూలు మధ్యాహ్నం. ఆమెకి అందకుండా పోయినవాళ్ళంతా నా దగ్గర నిక్షేపంగా ఉండి, వేళకి అన్నం అడుగుతున్నారు. ఎదురింటి అప్ప వండి తెచ్చింది, అన్నం, పప్పు, చింతకాయ పచ్చడి. అందరూ రెండు మెతుకులు కలిపి చెయ్యి కడిగేసుకున్నారు. నేను పళ్ళెం ఖాళీ చేసి మళ్ళీ పెట్టమన్నాను. అప్ప పెట్టింది. మూడోసారి అడిగితే మా అమ్మ నావైపు చూసి, మొహం గోడకి తిప్పుకుంది.

తిన్నదంతా హాయిగా అరిగింది. పొద్దు వాలేసరికి మళ్ళీ ఆకలేసింది.